తపసు మాను నుంచి వెదురువనం దాకా



ఈ రోజు ఒక చైనా కత్తియుద్ధాల సినిమా గురించీ, ఆ కోవకే చెందిన మన జానపద చిత్రాల గురించీ, వాటిని తీసిన దర్శకుల గురించీ మాట్లాడతాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శ్రోతలు కాస్త ఎక్కువ శ్రద్ధగా వినాలని నా కోరిక. తెరమీద వీరుడు గాల్లోకి లేస్తే నమ్మి చూసే కన్ను మనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే, మద్రాసు స్టూడియోలకన్నా ముందు ఈ ఊళ్లలోని భారతం మిట్టల దగ్గరికి వెళ్లాలి.

ముందు ఆ చైనా సినిమా సంగతి. దాని ఇంగ్లిషు పేరు 'ఎ టచ్ ఆఫ్ జెన్'. దర్శకుడు కింగ్ హు. పుట్టింది బీజింగులో, 1932లో. 1949లో హాంకాంగ్ చేరాడు. అక్కడ షా బ్రదర్స్ సంస్థకు 1966లో 'కమ్ డ్రింక్ విత్ మీ' తీసి పేరు తెచ్చుకున్నాడు. తరవాత తైవాన్ వెళ్లి, 1967లో 'డ్రాగన్ ఇన్', ఆ పైన ఈ 'ఎ టచ్ ఆఫ్ జెన్' తీశాడు. మూడు గంటల సినిమా. తైవాన్‌లో రెండు భాగాలుగా విడుదల చేశారు, రెండోది 1971లో వచ్చింది. అప్పట్లో పెద్దగా ఆడలేదు. 1975లో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో సాంకేతిక ప్రతిభకు బహుమతి వచ్చాక ప్రపంచం తలతిప్పి చూసింది.

కథ మింగ్ రాజుల కాలం నాటిది. పాడుబడ్డ కోట పక్కన తల్లితో కాపురముంటూ బొమ్మలు వేసుకుని బతికే ఒక పేద పండితుడు. ఆ కోటలో దయ్యాలున్నాయని ఊరంతా చెప్పుకుంటుంది. అందులోకి ఒక అమ్మాయి వచ్చి చేరుతుంది. రాజు కొలువులో పెత్తనం చలాయించే నపుంసక మంత్రి ఆమె తండ్రిని చంపించాడు. ఆమెనూ చంపడానికి గూఢచారులు వెంటపడుతున్నారు. పూ సొంగ్‌లింగ్ అనే పాతకాలపు కథకుడు రాసిన ఒక చిన్న కథ దీనికి ఆధారం. దయ్యాలూ నక్కలూ మాయలూ కలిసిన వందల కథలు రాసినవాడు ఆయన. మనకు మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు ఎలాగో, చైనావాళ్లకు ఆయన కథలు అలాగ.

ఈ సినిమాలో వెదురువనం యుద్ధం అనే ఘట్టం ఒకటుంది. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఆకాశం కనపడకుండా పెరిగిన వెదురు. ఆకుల సందుల్లోంచి కిందికి జారే ఎండ కడ్డీలు. ఆ అమ్మాయీ, ఆమెకు తోడున్న సేనాపతీ ఒకవైపు, గూఢచారులు ఒకవైపు. ముందు ఎవరూ కదలరు. గాలికి వెదురు కిర్రుమంటుంది. ఒక్కసారిగా కత్తులు లేస్తాయి. ఆమె వెదురు బోదెల మీద కాలు తాటించి పైకి ఎగసి, ఆ ఎత్తునుంచి తలకిందులుగా కత్తి చాచి శత్రువు మీదికి దూకుతుంది. చూసేవాళ్లకు ఊపిరాడదు. ఈ ఒక్క ఘట్టం తీయడానికి ఇరవై అయిదు రోజులు పట్టిందని చెబుతారు.

ఇంతకీ ఆమె ఎగిరిందా? ఆమె ఎగిరినట్టు ఒక్క ముక్క కూడా మనకు పూర్తిగా కనబడదు. కాలు నేల విడవడం కనబడుతుంది. గాలిలో చీర చెంగులా ఒక గుడ్డ మెరుపు కనబడుతుంది. తరవాత నేలమీద వాలడం కనబడుతుంది. మధ్యలోది దర్శకుడు కత్తిరించేశాడు. కొన్ని ముక్కలు సెకనులో సగం కూడా ఉండవు. నటులు ఎగరడానికి నేలమీద స్ప్రింగుల ఊయల బల్లలు పెట్టారు. అవి తెరమీద కనబడకుండా కోసెయ్యడంలో కింగ్ హు పనితనమంతా ఉంది. దాచిన ఆ ఎగురుడును మన మనసే పూరించుకుంటుంది. మనసు పూరించుకున్నదాన్ని మనసే అనుమానించదు కదా.

కత్తియుద్ధాలు కూర్చినవాడు హాన్ యింగ్‌జీ. బీజింగ్ ఒపేరాలో, అంటే అక్కడి సంప్రదాయ నాటకంలో, పిల్లలప్పటినుంచీ ఒళ్లు వంచి నేర్చుకున్న మనిషి. కింగ్ హు కూడా ఆ నాటకాలు చూస్తూ పెరిగినవాడే. అందుకే ఆయన సినిమాల్లో యుద్ధానికి ఒక తాళం ఉంటుంది. అడుగు, ఆగడం, చూపు, మళ్లీ అడుగు. వెనక చెక్కల తాళం, తప్పెట కొట్టినట్టు శబ్దం. కొట్టుకోవడం అనే మొరటు పని అక్కడ ఆట అవుతుంది, నాట్యం అవుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం.

పాత చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్లు, ధర్మరాజు గుళ్లు మెండు. ఎండాకాలం వచ్చిందంటే ఆ గుళ్ల దగ్గర భారతం పెడతారు. పద్దెనిమిది పర్వాలకు గుర్తుగా పద్దెనిమిది రోజులు పెట్టేవాళ్లున్నారు, ఊరి స్తోమతును బట్టి కుదించుకునేవాళ్లున్నారు. పగలు హరికథ, రాత్రి నాటకం. కుప్పం వైపు తమిళనాడు సరిహద్దు దాటితే ఇదే ఆటను తెరుకూత్తు అంటారు. ఆడేవాళ్ల వేషం, కిరీటం, గజ్జెల బరువు, గిరికీలు కొట్టే తీరు రెండువైపులా అన్నదమ్ముల పోలికే. ఈ నాటకం జరిగే ఖాళీ స్థలానికి చాలా ఊళ్లలో భారతం మిట్ట అనే పేరే స్థిరపడిపోయింది.

ఈ నాటకంలో పాత్ర ఎలా వస్తుందో గమనించారా? దుర్యోధనుడు వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు ఒక గుడ్డను అడ్డంగా పట్టుకుంటారు. దాన్నే తెర పట్టడం అంటారు. ముందు ఆ గుడ్డ కిందనుంచి గజ్జెల కాళ్లు కనబడతాయి. మద్దెల మోగుతుంది. గుడ్డపైన కిరీటం అంచు కనబడి, మాయమవుతుంది. లోపలినుంచి గొంతు వినబడుతుంది. పిల్లలు ముందుకు జరుగుతారు. తెర ఒక పక్కకు లాగుతారనుకుంటే, లాగరు. మరో చరణం అయ్యాకే లాగుతారు. అప్పటికి ఆ భుజకీర్తుల మనిషి జనం మనసులో నిజంగానే హస్తినాపురం రాజయిపోయి ఉంటాడు. ఆ వేషం కట్టినతను పొద్దున టమోటా తోటలో నీళ్లు కట్టిన మనిషేనని అందరికీ తెలుసు. తెలిసినా ఆ క్షణంలో గుర్తుకు రాదు. కింగ్ హు కత్తెరతో చేసిన పని ఇక్కడ ఒక గుడ్డముక్కతో జరుగుతుంది. దాచి, ఆశపెట్టి, ఇంకాస్త దాచి, చివరికి చూపించడం.

అర్జున తపస్సు రోజు మరీ ముఖ్యమైనది. తాటిచెట్టంత ఎత్తు మాను నాటి, దానికి మెట్లు కడతారు. దాన్ని తపసు మాను అంటారు. అర్జునుడి వేషగాడు పాశుపతాస్త్రం కోసం ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యమో పాటో పాడుతూ పైకెక్కుతాడు. కింద సంతానం కోరే ఆడవాళ్లు తడి బట్టలతో నేలమీద సాష్టాంగపడి వరపడతారు. పైకెళ్లాక అతను నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి విసురుతాడు. వాటి కోసం కొంగులు చాస్తారు. ఆ ఎత్తులో ఉన్న మనిషి కాసేపు నటుడు కాడు. ఏ తీగా లేకుండా, ఏ ట్రిక్కూ లేకుండా, ఒక మనిషి భూమికీ ఆకాశానికీ మధ్య నిలబడతాడు. వేలమంది మెడలు ఎత్తి చూస్తారు. వీరుడు ఆకాశానికి దగ్గరవాడు అన్న నమ్మకం సినిమా పుట్టకముందే ఇక్కడి జనంలో ఇలా నాటుకుంది.

బకాసుర వధ నాడు భీముడు బండెక్కి ఊళ్లో తిరుగుతూ పెట్టిందల్లా తింటాడు. దుర్యోధన వధ నాడు పొలంలో మట్టితో పెద్ద ఆకారం చేసి పడుకోబెట్టి, దాని చుట్టూ పరుగులు తీస్తూ భీముడూ దుర్యోధనుడూ గదాయుద్ధం చేస్తారు. తొడ పగలగానే ఎర్రని నీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం నిప్పుల గుండం. యుద్ధం, మాయ, భక్తి, భోజనం అన్నీ ఒకే ఆటలో కలిసిన ఈ పద్ధతి నుంచే మన జానపద సినిమాకు ఒళ్లు వచ్చిందని నా గట్టి నమ్మకం.

ఇక మన జానపద సినిమాకు రెండో వేరు సురభి నాటకం. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు 'కీచక వధ' నాటకం ఆడించారు. ఆ నాటకం ఆడినవి అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబాలు. బొమ్మను తెరమీద ఎగిరించడం చేతివేళ్లకు తెలిసినవాళ్లు, మనిషిని రంగస్థలం మీద ఎగిరించడానికి సన్నని తీగ పట్టుకున్నారు. సురభి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు గాల్లోంచి వస్తాడు. 'పాతాళభైరవి'లో మాంత్రికుడు పొగలోంచి లేస్తాడు. తీగ లాగేవాడు తెర పక్కన చీకట్లో నిలబడి ఉంటాడు. అతని చేయి వణికితే ఘటోత్కచుడు వణుకుతాడు. హాంకాంగ్ సినిమాల్లో తీగల మీద వీరులను నడిపించే విద్యను నేడు ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. ఆ విద్య మన సురభి కుటుంబాలకు ఇంటి పని.

సినిమాల్లోకి ఈ మాయ 1942లో జెమినీవారి 'బాలనాగమ్మ'తో బలంగా వచ్చింది. బుర్రకథల్లో జనం రాత్రులు మేలుకుని విన్న మాయల మరాఠీ కథే. 1949లో 'కీలుగుర్రం' వచ్చింది. ఆ తరవాత 1951 మార్చిలో 'పాతాళభైరవి'. దర్శకుడు కదిరి వెంకటరెడ్డి గారు, మనందరికీ కె.వి. రెడ్డి. అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతం నుంచి వచ్చినవారు. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. నాగిరెడ్డి గారు కడప జిల్లా పొట్టిపాడు మనిషి. 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టిందీ వాళ్లే. పిల్లలకు నెలనెలా కథ చెప్పిన ఇల్లే పెద్దలకు తెరమీద కథ చెప్పింది.

'పాతాళభైరవి' తెలుగులోనూ తమిళంలోనూ తయారయింది. కుప్పం లాంటి మూడు భాషల కూడలిలో అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బంధువుల ఊళ్లో కన్నడం మాట్లాడే జనానికి మాంత్రికుడి భాష ఏదైనా ఒకటే. ఎస్.వి. రంగారావు గారు ఆ మాంత్రికుడిగా కనుబొమ ఎత్తితే చాలు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఈ సినిమా ప్రదర్శించారు.

కె.వి. రెడ్డి గారి పద్ధతి తెలిసినవాళ్లు ఒక మాట చెబుతారు. ఆయన షూటింగుకు ముందే ప్రతి దృశ్యం ఎన్ని నిమిషాలు ఉండాలో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కగట్టుకునేవారట. ఫిల్ము వృథా పోదు, నటుడు దారి తప్పడు. మాయ చూపించే మనిషికి ఇంత లెక్క ఎందుకు అనిపించవచ్చు. లెక్క తప్పితే మాయ పండదు, అందుకే. తెర పట్టేవాడు ఒక్క చరణం ముందు గుడ్డ లాగేస్తే దుర్యోధనుడు తోటపని మనిషిగానే మిగిలిపోతాడు.

1957 మార్చిలో ఆయన 'మాయాబజార్' వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ కెమెరా, గోఖలే, కళాధర్‌ల కళ, పింగళి నాగేంద్రరావు గారి మాటలు, ఘంటసాల గారి సంగీతం. లడ్డూలు వాటంతటవి ఘటోత్కచుడి నోట్లోకి ఎగరడం, కంబళి మీద కాలు పెట్టినవాళ్లు తిప్పలు పడడం, చిన్నచిన్న ఇళ్ల బొమ్మలతో దీపాల ద్వారకను కట్టడం, ఇవన్నీ మనకు తెలిసినవే. కానీ ఆ సినిమాలో అన్నిటికన్నా పెద్ద మాయకు కెమెరా ట్రిక్కు ఏదీ లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక, సావిత్రి గారు నడిచే నడక చూడండి. ఆడపిల్ల ఒంట్లో ఒక రాక్షసుడు ఇరుక్కుని ఉన్నాడని ఆ భుజం విరుపులో, ఆ అడుగులో తెలిసిపోతుంది. ఎవరూ లేనప్పుడు ఒక్కసారిగా మగవాడి ధాటి, ఎవరో రాగానే ముద్దరాలి సిగ్గు. ఆడవేషం కట్టిన మగవాళ్లను భారతం మిట్ట మీద చూసిన జనానికి ఇది తిరగేసిన ఆట. అందుకే పల్లెటూరి నేల టికెట్టువాడు కూడా దాన్ని ఒక్క క్షణంలో పట్టుకున్నాడు.

ఇక్కడ 'మాయాబజార్'కూ 'ఎ టచ్ ఆఫ్ జెన్'కూ మధ్య ఒక పోలిక కనబడుతుంది. దీన్ని ఎవరైనా ముందే చెప్పారో లేదో గానీ, నాకు ఇది ముఖ్యమనిపిస్తుంది. రెండు సినిమాలూ మాయను తయారుచేసే పనివాళ్లను మనకు చూపిస్తాయి. 'మాయాబజార్'లో చిన్నమయ, లంబు, జంబు మనకళ్లముందే మంత్రాలు వేసి విడిది కడతారు, మంచాలు కుర్చీలు పుట్టిస్తారు. మోసపోయేది కౌరవులు, మనం మాయ చేసేవాళ్ల పక్షాన నిలబడి నవ్వుతాం. 'ఎ టచ్ ఆఫ్ జెన్'లో ఆ పేద పండితుడు పాడుబడ్డ కోటను దయ్యాల కోటగా మలుస్తాడు. గుడ్డబొమ్మలు, తాళ్లు, గంటలు కట్టి, శత్రుసైన్యాన్ని రాత్రిపూట భయపెట్టి చావుదెబ్బ తీస్తాడు. తెల్లవారాక తన యంత్రాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ, తెలివికి పొంగిపోతూ, పెద్దగా నవ్వుతూ కోటంతా తిరుగుతాడు. అలా తిరుగుతూ శవాల మధ్యకు వస్తాడు. నవ్వు ఆగిపోతుంది. అక్కడికి వచ్చేసరికి కింగ్ హు కె.వి. రెడ్డి గారి దారి విడిచి వేరే దారి పట్టాడు. మన సినిమా మాయను పెళ్లిదాకా తీసుకెళ్లి దీవించింది. ఆయన సినిమా మాయను చావుదాకా తీసుకెళ్లి, ఒక బౌద్ధ భిక్షువు ఎదుట నిలబెట్టింది. రెండూ గొప్పవే. ఒకదాన్ని మాత్రం ప్రపంచ సినిమా పాఠాల్లో చెబుతున్నారు, రెండోదాన్ని మనం పండగరోజు టీవీలో చూసి మురిసి ఊరుకుంటున్నాం.

ఇక విఠలాచార్య గారి దగ్గరికి వద్దాం. ఈ ప్రసంగానికి నన్ను పురికొల్పింది నిజానికి ఆయనే.

బి. విఠలాచార్య తెలుగువాడు కాడు. 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టిన కన్నడిగుడు. అరసికెరెలో హోటలు నడిపి, ఆ పైన టూరింగ్ టాకీసు నడిపారు. శంకర్‌సింగ్‌తో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ పెట్టారు. తెలుగులో 'కన్యాదానం' లాంటి సాంఘిక చిత్రాలు తీశాక, 1959లో 'జయవిజయ'తో జానపదంలో దిగారు. ఆ తరవాత వెనక్కి చూడలేదు. కాంతారావు గారు ఆయనకు కత్తివీరుడు. 1963లో ఎన్.టి. రామారావు గారితో 'బందిపోటు', మరుసటి ఏడు 'అగ్గిపిడుగు', ఆ వరసలో 'చిక్కడు దొరకడు', 'గండికోట రహస్యం', 'లక్ష్మీకటాక్షం', 1978లో 'జగన్మోహిని'. జనం ఆయనకు జానపద బ్రహ్మ అని పేరు పెట్టుకున్నారు.

టూరింగ్ టాకీసు నడిపిన మనిషి అన్నది ఆయన గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి. డేరా కింద, ఇసుకలో కూర్చున్న జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ బీడీ వెలిగించుకుని బయటికి పోతారో కళ్లారా చూసిన దర్శకులు ఎంతమంది? మన వైపు పల్లెల్లో గుడారం వేసి, పగలు బండిమీద గోడపత్రిక కట్టి మైకులో చాటింపు వేసి, కరపత్రాలు చల్లి, సాయంత్రం రికార్డు పెట్టగానే జనం నాలుగు దిక్కులనుంచీ నడిచి వచ్చే రోజుల్లో, విఠలాచార్య సినిమా అంటే ఆ డేరా నిండడం ఖాయం. సరిహద్దు అవతలి కన్నడిగుడు తీసిన తెలుగు సినిమా, సరిహద్దు ఇవతల మూడు భాషల జనం మధ్య ఆడింది. జానపదానికి సరిహద్దు చెక్‌పోస్టు లేదు.

ఆయన దగ్గర డబ్బు తక్కువ. ఒకే సెట్టు రంగు మార్చుకుని మళ్లీ మళ్లీ కనబడుతుంది. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పితే మనిషి మాయం. ఫిల్మును వెనక్కి తిప్పితే కిందపడ్డ కత్తి చేతిలోకి ఎగిరి వస్తుంది. దయ్యం కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. కాల్‌షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి చిలకనో మేకనో చేసేసి కథ నడిపించేవారని ఇప్పటికీ పరిశ్రమలో చెప్పుకుంటారు. నిజమెంతైనా, ఆ కథ బతికి ఉండడానికి ఒక కారణముంది. కష్టం వచ్చినప్పుడు పని ఆపకుండా, ఉన్నదాంతో మాయ పుట్టించగలిగిన మనిషిగా జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు.

కాంతారావు గారి కత్తియుద్ధాలు మళ్లీ చూడండి. ఆ కత్తి తిప్పడంలో తొందర ఉండదు. ముంజేయి వదులుగా ఉంటుంది, పాదం నిలకడగా ఉంటుంది. ప్రతినాయకుడుగా వేసిన రాజనాల గారితో తలపడేటప్పుడు ఇద్దరి కాళ్లూ, ఇద్దరి కత్తులూ ఒకే చట్రంలో కనబడతాయి. ఇద్దరు మనుషులు నిజంగా ఎదురెదురుగా ఉన్నారన్న నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిరాక మెట్లమీదినుంచి దూకినా, గోడెక్కినా, చూసేవాడు కాదనడు.

అయినా మన విమర్శకులు ఈ సినిమాలను పిల్లల సరుకుగా పక్కన పెట్టారు. పండితులకు అభ్యుదయ చిత్రాలు, పామరులకు విఠలాచార్య అని గీత గీశారు. చైనాలోనూ అదే జరిగింది. 1928లో షాంఘైలో జాంగ్ షిచువాన్ 'ఎర్రతామర గుడి దహనం' అనే మాయాకత్తుల సినిమా తీస్తే జనం ఎగబడ్డారు. భాగాల తరవాత భాగాలు తీశారు. మూఢనమ్మకాలు పెంచుతున్నాయంటూ అక్కడి ప్రభుత్వం 1930ల మొదట్లో ఆ కోవ సినిమాలనే నిషేధించింది. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా నేడు దొరకదు. అయితే, నిషేధించిన ఆ కళే హాంకాంగ్ చేరి, తైవాన్ చేరి, ఒక కింగ్ హును తయారుచేసుకుంది. చివరికి దేశానికే పేరు తెచ్చింది. మనవాళ్లు ఎవరూ నిషేధించలేదు, చిన్నచూపు మాత్రం చూశారు. చిన్నచూపు కూడా నష్టం చేస్తుంది. ఏ గంభీరమైన పుస్తకంలోనూ ఆ పనివాళ్ల పేర్లు సరిగా రాయలేదు. తీగ లాగినవాడు, కత్తి నేర్పినవాడు, పొగ పెట్టినవాడు ఎవరో మనకు తెలియదు. చైనావాళ్లు హాన్ యింగ్‌జీ పేరు దర్శకుడి పేరు పక్కన చెబుతారు.

పేర్లంటే గుర్తొచ్చింది. 1990లో హాంకాంగ్‌లో 'స్వోర్డ్స్‌మన్' అనే సినిమా వచ్చింది. జిన్ యోంగ్ అనే మహా జనాదరణ ఉన్న నవలాకారుడి కథ. దర్శకత్వం మొదలుపెట్టింది కింగ్ హు. నిర్మాత త్సుయ్ హార్క్‌తో పొసగక మధ్యలో తప్పుకున్నాడు. ఆ తరవాత త్సుయ్ హార్క్, చింగ్ సియుతుంగ్, రేమండ్ లీ లాంటివాళ్లు తలా ఒక చెయ్యి వేసి పూర్తిచేశారు. సినిమా బాగానే ఆడింది. దూకుడు ఉంది, హుషారు ఉంది. అడుగుకూ అడుగుకూ మధ్య ఆగే ఆ నిదానం మాత్రం అందులో లేదు. త్సుయ్ హార్క్ తక్కువవాడు కాడు. 1983లోనే 'జూ: వారియర్స్ ఫ్రమ్ ద మ్యాజిక్ మౌంటెన్'తో కొత్త తరానికి దారి వేసినవాడు. కానీ మాయాచిత్రానికి ఒకే మనసు, ఒకే కొలత కావాలి. చేతులు ఎన్నయినా ఉండవచ్చు. 'మాయాబజార్'కు చేతులు వందలు, కొలత కె.వి. రెడ్డి గారిది ఒక్కటే.

ఆ కొలత నేర్చుకున్న శిష్యుడు సింగీతం శ్రీనివాసరావు గారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టి, కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1994లో 'భైరవద్వీపం' తీశారు. జానపదం చచ్చిపోయిందని అందరూ అనుకున్న రోజుల్లో అది వచ్చి, మళ్లీ ఇళ్లల్లో పిల్లలచేత కట్టెపుల్లల కత్తులు పట్టించింది. అటు కింగ్ హుకు ఆంగ్ లీ దొరికాడు. 2000లో ఆయన తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో మళ్లీ వెదురువనం ఉంది, వెదురు కొసల మీద కత్తియుద్ధం ఉంది. యుద్ధాలు కూర్చింది యువెన్ వూపింగ్. అందులో ముసలి ప్రతినాయికగా వేసిన చెంగ్ పేపే, 1966లో కింగ్ హు 'కమ్ డ్రింక్ విత్ మీ'లో కత్తి పట్టిన కథానాయిక. గురువుగారి నాయికను పిలిచి తన సినిమాలో వేషం ఇవ్వడం దణ్ణం పెట్టడంతో సమానం. ఆ సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. తీగను తెరమీదినుంచి చెరిపేయవచ్చు, కొండను పుట్టించవచ్చు, వెయ్యిమందిని లక్షమంది చేయవచ్చు. రాజమౌళి గారి మొదటి 'బాహుబలి'లో కథానాయకుడు శివుడు జలపాతం ఎక్కే ఘట్టం నాకు నచ్చుతుంది. ఎందుకంటే అతను పడతాడు. మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ పడతాడు. ఒంటికి బరువుందని తెలుస్తుంది. బరువు తెలిశాకే ఎగురుడుకు విలువ. తరవాత వచ్చిన చాలా సినిమాల్లో ఆ బరువు పోయింది. వీరుడు దూది పింజలా ఎగిరితే ఎవరికీ ఆశ్చర్యం కలగదు. అన్నీ చూపించేస్తే చూసేవాడి మనసుకు పని ఉండదు. తపసు మాను ఎక్కే మనిషి కాలు ఒక మెట్టు మీద కాస్త తడబడినప్పుడు కింద జనమంతా ఒక్కసారిగా హా అంటారు చూడండి, అది ఏ కంప్యూటరూ ఇవ్వలేదు.

ఈ మాటలు విన్న యువకుల్లో ఎవరైనా సినిమా తీయాలని కలగంటున్నారేమో. వారికి నా సలహా ఇది. 'ఎ టచ్ ఆఫ్ జెన్' చూడండి. 'మాయాబజార్' మళ్లీ చూడండి, ఈసారి కథ కోసం కాకుండా ఎక్కడ కోశారో, ఎక్కడ ఆపారో చూడండి. విఠలాచార్య 'అగ్గిపిడుగు', 'గండికోట రహస్యం' చూడండి, తక్కువ డబ్బుతో ఎక్కువ ఎలా చేశారో రాసుకోండి. ఎండాకాలంలో మీ పక్క పల్లెలో భారతం పెడితే ఒక రాత్రి పూర్తిగా కూర్చుని చూడండి. నాటకం అయ్యాక వేషగాళ్ల దగ్గరికి వెళ్లి, కిరీటం ఎలా కడతారో, గిరికీ కొట్టేటప్పుడు పాదం ఎక్కడ పెడతారో అడగండి. వాళ్లు సంతోషంగా చెబుతారు. అడిగేవాళ్లే లేరు.

పెద్దలకు ఒక విన్నపం. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, దాని ప్రతి ఈ రోజు ఎక్కడా లేదు. ఆ తరవాత వచ్చిన ఎన్నో జానపదాల గతీ అంతే కావచ్చు. మీ ఇళ్లల్లో పాత ట్రంకుపెట్టెల్లో సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు, టూరింగ్ టాకీసు టికెట్లు, నాటకం నోటుపుస్తకాలు ఉంటే పాతకాగితాలవాడికి వేయవద్దు. భారతం నాటక కర్తల చేతిరాత ప్రతులు మరీ విలువైనవి. కుప్పంలోనే 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల జానపదాన్ని ఒకచోట భద్రపరచడానికి అంతకన్నా తగిన చోటు లేదు. మీ దగ్గర ఉన్నదాన్ని అక్కడికో, మీ ఊరి శాఖా గ్రంథాలయానికో చేర్చండి. ఆ సినిమాల సెట్ల మీద, ఆ డేరాల్లో పనిచేసిన పెద్దవాళ్లు మీ వీధిలో ఉంటే, వాళ్ల పేరు, వాళ్లు చేసిన పని ఒక కాగితం మీద రాసి పెట్టండి.